సూటిగా చూడని మనిషి

పోయిన వారం నోరాబెల్‌ని లాయరమ్మ గదిలో కుర్చీ అంచున కూర్చోబెట్టి వదిలేశాం. శుక్రవారం బడికి సెలవు పెట్టి, మంచు కరిగి బురదైన రోడ్డు మీద పొద్దంతా కారు నడుపుకుంటూ పట్నం పోయింది. తెలుసుకున్నది కొత్తదేమీ కాదు. తెలిసినదే ఇంకోసారి, ఫీజు కట్టి విన్నది.

ఎక్స్ఛేంజ్ వీసా మీద వచ్చిన టీచరు గడువు తీరగానే తన దేశానికి వెళ్లిపోవాలి. అక్కడ రెండేళ్లు ఉండాలి. ఆ తర్వాతే గ్రీన్‌కార్డు ఊసు. అమెరికా పౌరుణ్ని పెళ్లాడినంత మాత్రాన ఆ షరతు చెరిగిపోదు. ఫిలిప్పీన్స్ నుంచి ఆ గోధుమపొలాల ఊరికి వచ్చిన టీచర్లంతా మాత్రం పెళ్లితో అది కొట్టుకుపోతుందనే అనుకున్నారు. అందరికంటే ముందొచ్చిన పెర్లా అక్క అయితే మొన్న నవంబరులో నోరాబెల్ పెళ్లిరోజున కేకు కోయిస్తూ, "మొగుడు దొరికాక ఇంకా వీసా గోలేంటే పిచ్చిమొహమా" అని పదిమందిలో పకపకా నవ్వింది. ఇప్పుడు ఆవిడ ఫోన్ ఎత్తితే వాతావరణం గురించి మాట్లాడుతోంది.

నోరాబెల్ గడువు జూన్‌తో సరి. ఆ రెండేళ్ల షరతు ఎత్తేస్తే అభ్యంతరం లేదని రాసివ్వడానికి ఆమె దేశం ఒప్పుకోలేదు. మిగిలింది ఒకటే దారి. తను వెళ్లిపోతే భర్త బతుకు తెల్లారిపోతుందని, తనతో వచ్చినా తెల్లారిపోతుందని, రెండూ రుజువు చెయ్యాలి.

"ఎడబాటు అందరికీ బాధే. అది చాలదు," అంది లాయరమ్మ. "మీ ఆయనకి ఏదన్నా జబ్బుందా?"

"లేదు," అంది నోరాబెల్.

అబద్ధం. భర్త ఆర్లోకిచ్చిన మాట కోసం ఆడిన అబద్ధం. ఆర్లో కళ్లు పోతున్నాయి. నెలనెలా కంట్లో సూది వేయించుకుంటున్నాడు. అడిగినవాళ్లకి ట్రాక్టరు సామాన్లకి పట్నం వెళ్తున్నానని చెబుతున్నాడు. బండి ముట్టుకోవద్దని డాక్టరు అక్టోబరులోనే చెప్పాడు. అయినా ఆర్లో పొద్దునా సాయంత్రం బండి నడుపుతూనే ఉన్నాడు. ఆ బండి బడి బస్సు.

*

ఆదివారం చర్చి అయ్యాక ట్రూడీ వచ్చింది. ఆర్లోకి మొదటి భార్య వల్ల కలిగిన ఒక్కగానొక్క కూతురు. ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే ఉద్యోగం. మనుషుల్నీ అలాగే తూస్తుంది. నిండుగా ఉన్నప్పుడోసారి, ఖాళీ అయ్యాక ఇంకోసారి.

చేతిలో మాంసమూ బంగాళాదుంపలూ కలిపి కాల్చిన వంటకం గిన్నె. దాన్ని నోరాబెల్ చేతికివ్వకుండా పొయ్యి మీద తనే పెట్టుకుంది. ముక్కు ఎగబీల్చింది.

"ఎండుచేపలు వేయించావా మళ్లీ? కర్టెన్లు కూడా మీ దేశం పోయొచ్చినట్టున్నాయి."

"మీ నాన్న అడిగితేనే వేయించాను. ముట్టుకోలేదు," అంది నోరాబెల్. "రెండు రోజుల నుంచి ఏమీ సరిగా తినట్లేదు."

"అమ్మ ఉన్నప్పుడైతే చేప వాసనకి కొట్టంలోకి పారిపోయేవాడు. ఇప్పుడు అడిగి మరీ వేయించుకుంటున్నాడన్నమాట."

"వచ్చీ రాగానే మొదలెట్టకు," అన్నాడు ఆర్లో. కిటికీకేసి మొహం తిప్పుకుని కూర్చున్నాడు. "కేసీని తీసుకురాలేదేం?"

"వాళ్ల నాన్న దగ్గరుంది. కడుపునొప్పంట. బస్సెక్కను, బస్సెక్కను అని శుక్రవారం నుంచి ఒకటే రాగం. రేపు లెక్కల పరీక్ష. దాని నొప్పి అదీ."

కాఫీలో చెంచా తిప్పుతున్న ఆర్లో చెయ్యి ఆగింది. మళ్లీ తిప్పాడు. అతను కాఫీలో పంచదార వేసుకోడు. పాలూ పోసుకోడు.

నోరాబెల్ అది చూసింది. చూసి, తన గొడవలో పడి మరిచిపోయింది.

ట్రూడీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, టీచరమ్మా. మీ లాయరు నన్ను ఉత్తరం రాసిమ్మందట. ఏం రాయమంటావు? నువ్వు పోతే మా నాన్న అల్లాడిపోతాడనా? అరవై నాలుగేళ్లొచ్చినా దున్నపోతులా ఉన్నాడు. మొన్న ఫిబ్రవరిలో ఊరంతా జ్వరంతో మూలుగుతుంటే బస్సు ఒక్కరోజు ఆపలేదు. అబద్ధం రాయమంటావా దేవుడి మీద ఒట్టేసి?"

"అబద్ధం వద్దు," అంది నోరాబెల్.

"మరి నిజం ఏముంది రాయడానికి? అన్నం వండే మనిషి ఉండదనా? ఆ ముక్క రాస్తే ఆఫీసులో నవ్వుకుంటారు. బియ్యం కుక్కరు కొనిపెట్టమంటారు."

ఆర్లో కిటికీకేసే చూస్తూ, "రాయకపోతే మానెయ్. నిన్నెవరూ బతిమాలట్లేదు," అన్నాడు.

అంతే. ట్రూడీ మొహం ఎర్రబడింది. ఇన్నాళ్లూ మింగుతూ వచ్చిందంతా బయటికొచ్చింది.

"నాతో మాట్లాడేటప్పుడు నాకేసి చూడు నాన్నా! పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా నా మొహంలోకి చూశావా? కిటికీకేసి. గోడకేసి. నా పుట్టినరోజున కేకుకేసి! అమ్మ పోయాక ఇంటికొచ్చి పాత్రలు కడిగి పోయింది నేను. నీ చొక్కాలు ఇస్త్రీ చేసింది నేను. కొత్త పెళ్లాం రాగానే కూతురి మొహం చూడబుద్ధి కావట్లేదా? సిగ్గా? అసహ్యమా? ఏదో ఒకటి చెప్పు, వినేసి పోతాను."

ఆర్లో దవడ ఎముక కదిలింది. కిటికీకేసే చూస్తున్నాడు. కూతురు ఏడుస్తుంటే కూడా ఆ మొహం ఇటు తిరగలేదు.

నోరాబెల్ ఇంతకాలం గ్రీన్‌కార్డు కోసం ఆ మాట బయటపెట్టలేదు. లాయరు అడిగినా పెట్టలేదు. ఇప్పుడు తనని చేపల కంపు అన్న మనిషి కన్నీళ్లు చూడలేక పెట్టేసింది.

"నిన్ను చూడటానికే పక్కకి చూస్తున్నాడు, ట్రూడీ."

"బెల్!" అన్నాడు ఆర్లో.

"ఇంక నావల్ల కాదు ఆర్లో. అది నీ కూతురు."

ట్రూడీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏంటి? ఏంటంటోంది ఈవిడ?"

ఆర్లో చెంచా బల్లమీద పెట్టాడు.

"మధ్యలో పోయింది," అన్నాడు. "రెండు కళ్లలోనూ. అంచులు బాగానే ఉన్నాయి. కొట్టం, పొలం, కుర్చీలు, అన్నీ తెలుస్తాయి. దేనికేసి సూటిగా చూస్తే అదే మాయమైపోతుంది. నీకేసి చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. కిటికీకేసి చూస్తే నీ జుట్టు, నీ చెవి పోగు, కొంచెం బుగ్గ. ఇప్పుడు ఏడుస్తున్నావు. అది తెలుస్తోంది."

ట్రూడీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేచి వెళ్లి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "పిచ్చి నాన్నా. చెబితే ఏం పోయింది? నేనేమో... ఛ." తల వంచి అతని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. ఆ ఇంట్లో ఎంతో కాలంగా ఎవరూ చూడని దృశ్యం. నోరాబెల్ కళ్లు తుడుచుకుని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఇక గండం గడిచిందనుకుంది.

ఆ అమాయకత్వాన్ని ఏమనాలి? లారీలు తూచే మనిషి ఎదురుగా సగం బరువు పెట్టి, మిగతా సగం అడగదనుకుంది.

ట్రూడీ చెయ్యి తండ్రి భుజం మీదే ఉంది. కదలడం మానేసింది.

"నాన్నా. ఎప్పటి నుంచి?"

"శరత్కాలం నుంచి."

"మొహాలు తెలియవా?"

"నీ మొహమే తెలియదన్నాను కదా."

"మరి బస్సు?"

ట్రూడీ చెయ్యి తీసేసుకుంది. మెల్లగా, ఒక్కో మాటా తూచి తూచి పెడుతున్నట్టుగా అంది.

"మా కేసీ పొద్దున బస్సెక్కుతూ అరుస్తుంది. 'గుడ్ మార్నింగ్ మిస్టర్ ఆర్లో, నేను కేసీని, ఎక్కేశాను.' సొంత తాతకి. సాయంత్రం దిగాక రోడ్డుకి అవతల నిలబడి, 'నేను కేసీని, దాటేశాను, థాంక్యూ.' పిల్లలందరూ అంతే. ఒక్కొక్కరూ పేరు చెప్పి మరీ. నేను దాన్ని వీడియో తీసి మా అత్తకి పంపాను. ఊరి పేపర్లో కూడా వేశారు, ఫిలిప్పీన్ టీచరు మన పిల్లలకి మర్యాద నేర్పిందని."

నోరాబెల్ చేతిలో తడి పళ్లెం అలాగే ఉండిపోయింది.

"'మా దేశంలో పెద్దవాళ్లకి ఒక్కొక్కరూ విడివిడిగా దండం పెడతారు' అన్నావు పేరెంట్స్ మీటింగులో. అందరం చప్పట్లు కొట్టాం."

"అది నిజమే. మా ఊళ్లో అలాగే చేస్తారు."

"నిజమే. అందుకే నాన్న కళ్ల సంగతి బాగా దాగింది. ముందు సీట్లో నువ్వు రోజూ కూర్చునేది ఎందుకు? పిల్లలంటే ప్రేమనుకున్నాం. రైలు పట్టాల దగ్గర బస్సు ఆపి, రైలొస్తోందేమో వినడానికి తలుపు తెరిచినప్పుడు ఏం చేస్తావు నువ్వు? ఆయన చెవులు రిక్కించి వింటాడు. నువ్వు?"

"చూస్తాను," అంది నోరాబెల్. "రెండు వైపులా చూస్తాను. ఏమీ లేకపోతే 'ఊఁ' అంటాను."

"ఊఁ అంటావు." ట్రూడీ నవ్వింది. ఆ నవ్వు కంటే కొట్టడం నయం. "నా కూతురి ప్రాణం నీ ఊఁ మీద నడుస్తోంది ఇన్నాళ్లూ."

"జనవరిలో తెలిసింది నాకు. మానెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను. వినలేదు. ఆయనకి ఎదురు తిరిగి ఊళ్లో చెప్పడం నాకు చేతకాలేదు. మా వైపు మొగుడి పరువు పెళ్లాం తీయదు. పక్కన కూర్చుంటే ఏమీ కాదనుకున్నాను."

"ఏమీ కాలేదు కూడా," అన్నాడు ఆర్లో గట్టిగా. "ముప్పై ఏళ్లకి పైగా నడుపుతున్నాను. ఆ దారి నా అరచెయ్యి. ఒక్క గీత పడలేదు ఆ బస్సుకి."

అన్నాక నీళ్లు తాగాడు. గ్లాసు పళ్లకి తగిలి చప్పుడైంది.

*

ట్రూడీ వంటగదిలో అటూ ఇటూ తిరిగింది. తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. లెక్క కుదిరినట్టుంది.

"వినండి ఇద్దరూ. ఇది బయటపడితే నాన్న ఇన్నేళ్ల పేరూ మట్టిలో కలుస్తుంది. పిల్లల తల్లులు వచ్చి ఈ గుమ్మంలో ఉమ్మేస్తారు. నీ సంగతి చెప్పక్కర్లేదు. తెలిసీ దాచిన టీచర్ని రేపే విమానం ఎక్కిస్తారు. అందుకని ఎవరూ ఏమీ చెప్పరు. నాన్నకి నడుం పట్టేసింది. డ్రైవింగ్ చెయ్యలేడు. జూన్‌లో వీడ్కోలు సభ పెట్టి జ్ఞాపిక ఇస్తారు, మర్యాదగా దిగిపోతాడు. నువ్వూ నీ గడువు తీరాక మర్యాదగా వెళ్తావు. రెండేళ్లేగా. తర్వాత వస్తావో రావో దేవుడి దయ."

"ఆ రెండేళ్లలో ఆయనకి ఎంత చూపు మిగులుతుంది?" అంది నోరాబెల్.

"నేను లేనూ? కూతుర్ని."

"సూది వేసిన రోజు సాయంత్రం దాకా కళ్లు తెరవలేడు. పక్కన కూర్చుని చుక్కలు వెయ్యాలి. మందు పడక ఒక్కోసారి వాంతి అవుతుంది."

"నేర్చుకుంటానులే. నువ్వేమన్నా పుట్టుకతో నేర్చుకొచ్చావా?" ట్రూడీ కళ్లు చిన్నవి చేసింది. "ఇంకో మాట. ఈ జబ్బు కాగితాలు మీ లాయరు చేతికి వెళ్తే నీ కేసు బంగారంలా గెలుస్తావని నాకు తెలియదనుకోకు. వెళ్లిందంటే మాత్రం నేను వెళ్లి బస్సు సంగతి చెబుతాను."

నోరాబెల్ భర్తకేసి తిరిగింది. ఇప్పుడు అతను ఒక్క మాట అనాలి. వద్దు, బెల్ ఉండాలి. ఆ ఒక్క మాట చాలు, తను ఏ అవమానమైనా పడుతుంది.

ఆర్లో గడ్డం గీరుకున్నాడు.

"ట్రూడీ చెప్పిందీ బాగానే ఉంది," అన్నాడు.

ఆ మనిషికి భార్య లేకపోయినా గడుస్తుంది. వీడ్కోలు సభ లేకపోతే గడవదు. నోరాబెల్‌కి ఆ సంగతి అప్పుడు తెలిసింది. పళ్లెం తుడిచి అరలో పెట్టింది.

"అయితే రేపటికి మనిషి లేడు," అంటున్నాడు ఆర్లో. "నాకు బదులు నడిపే జెర్రీ బుధవారం దాకా ఊళ్లో లేడు. చెప్పకుండా మానేస్తే అనుమానం వస్తుంది. రేపూ ఎల్లుండీ నేనే తిప్పి, బుధవారం నడుం పట్టేసిందంటాను. బెల్ ఎలాగూ పక్కనే ఉంటుంది."

ట్రూడీ కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. వేళ్లు క్షణం ఆగాయి. "కేసీని ఈ రెండు రోజులూ నేను కార్లో దింపుకుంటా," అంది. మళ్లీ బొత్తాలు పెట్టుకుంది.

"మిగతా పిల్లలో?" అంది నోరాబెల్.

"ఏంటి?"

"నీ పిల్లని నువ్వు కార్లో దింపుకుంటావు. మిగతా పిల్లలు?"

"ఇన్నాళ్లూ గుర్తురాలేదా మిగతా పిల్లలు? ఇప్పుడు నాకు నీతులా?"

"రాలేదు," అంది నోరాబెల్. "నీకంటే పెద్ద పాపం నాదే. అయితే ఇవాళ నీ నోటంట విన్నాను కదా, అద్దంలో చూసుకున్నట్టయింది. నా మొగుడి పరువు కోసం నేను చేసిందే, నీ నాన్న పరువు కోసం నువ్వు చేస్తున్నావు."

ఫోన్ గోడకి ఉంది. రెండడుగులేసి అందుకుంది.

"ఎవరికి?" అంది ట్రూడీ.

"ఎల్స్టాడ్ గారికి." బడి సూపరింటెండెంటు. బస్సులూ టీచర్లూ అన్నీ ఆయన కిందే.

"మతి పోయిందా? రేపు నీ ఉద్యోగం పోతుంది! కార్డు సరే, జూన్ దాకా కూడా ఉండనివ్వరు నిన్ను!"

"తెలుసు."

"బెల్, ఫోన్ పెట్టెయ్," అన్నాడు ఆర్లో. ఆ గొంతులో అధికారం లేదు. భయం ఉంది. ఆమె ఎరిగిన భయం కాదది, పరువు పోతుందన్న భయం కాదు. ఇంకేదో. "పెట్టెయ్యవే. నీకు దండం పెడతాను. రేపు చెబుదాం. నేనే చెబుతాను."

నోరాబెల్ పెట్టలేదు. అవతల ఫోన్ మోగింది. రెండోసారి మోగకుండానే ఎత్తారు, పక్కనే కూర్చుని ఎదురుచూస్తున్నట్టు.

"సార్, నేను నోరాబెల్‌ని. రేపటి బస్సు గురించి ఒక మాట చెప్పాలి..."

"నువ్వేనా?" అన్నాడు ఎల్స్టాడ్. ఎప్పుడూ వాతావరణంతో మొదలుపెట్టే మనిషి ఇవాళ పెట్టలేదు. "నేనే మీ ఇంటికి వద్దామని బూట్లు వేసుకుంటున్నాను. ఇందాక రైల్వే వాళ్లు ఫోన్ చేశారు. ఆదివారం పూట. వాళ్ల ఇంజన్లకి ముందు కెమెరా ఉంటుందట, నాకూ తెలియదు. అందులో రైలుకి ఎదురుగా మన బస్సు కనబడిందట. శుక్రవారం సాయంత్రం నువ్వు బస్సులో లేవు కదా?"

"లేను సార్. పట్నం వెళ్లాను. లాయరు దగ్గరికి."

"అదే అనుకున్నాను." ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. "గేటులేని పట్టాల దగ్గర ఏం జరిగిందో ఆర్లో నీకు చెప్పాడా?"

శుక్రవారం. పంచదార లేని కాఫీలో చెంచా. ముట్టుకోని చేపలు. బస్సెక్కనని ఏడుస్తున్న కేసీ.

నోరాబెల్ వెనక్కి తిరిగింది. ట్రూడీకి ఫోన్లో మాటలు వినబడలేదు, కానీ ఆమె మొహం చూసి ఎవరో చెంప మీద కొట్టినట్టు నిలబడిపోయింది.

ఆర్లో కిటికీకేసి చూడటం లేదు. పెళ్లయ్యాక మొదటిసారి భార్య మొహంలోకి సూటిగా చూస్తున్నాడు. ఆమె తనకి కనబడకుండా ఉండటానికి.